‘టెన్షన్’ అంటే... ఏ టెన్షన్?

మొన్న ఆదివారం ఒక పని చేశాను. పొద్దున్న కాఫీకి డికాషన్ వేసిన దగ్గర్నుంచి రాత్రి పాలు తోడు పెట్టే దాకా మా ఇంట్లో ‘టెన్షన్’ అన్న మాట ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కపెట్టాను. వంటింట్లో వేలాడే క్యాలెండరు మీద పెన్సిలుతో గీతలు గీస్తూ వచ్చాను. రాత్రికి పద్నాలుగు తేలాయి. మధ్యాహ్నం గంటన్నర నిద్రపోయాను కాబట్టి ఆ లెక్క వదిలేయండి.

గ్యాసు బండ అయిపోయేలా ఉంది, టెన్షన్. పనమ్మాయి ఎనిమిదైనా రాలేదు, టెన్షన్. చిన్నాడికి సోమవారం లెక్కల పరీక్ష, టెన్షన్. క్రికెట్‌లో ఆఖరి ఓవరు, మా వారు సోఫా అంచుకి జరిగి “అబ్బ, ఏం టెన్షన్ రా బాబూ” అన్నారు, కాకపోతే ఆ టెన్షన్ ఆయనకి ఎంతో ఇష్టం. టీవీలో ఏదో ఊరి పోలీస్ స్టేషన్ ఎదుట ‘టెన్షన్ టెన్షన్’ అని ఎర్రక్షరాలు పరిగెత్తాయి. అత్తయ్యకి తల తిరిగింది, “టెన్షన్ వల్లేలే” అన్నారు. ఆ పద్నాలుగింటిలో నావి నాలుగు. బీఏ తెలుగు చదివినదాన్ని, ఒప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

ఇంగ్లీషు మాటల మీద నాకేం పగ లేదండీ. కాఫీ, బస్సు, ఫోను అంటూనే బతుకుతున్నాను. భాష అన్నాక నలుగురి దగ్గరా నాలుగు మాటలు తెచ్చుకుంటుంది. మనం కమ్మగా వాడే గాభరా కూడా హిందుస్తానీ నుంచి వచ్చి మనింట్లో స్థిరపడిన మాటే. కాబట్టి ఇది ‘తెలుగుని కాపాడుకుందాం’ అనే ఉపన్యాసం కాదు. ఈ ఒక్క మాట వల్ల నేను నా కూతురి దగ్గర ఒక పొరపాటు చేశాను. అది చెప్పుకుందామనే ఇదంతా.

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. జూన్‌లో హాస్టల్లో చేర్పించాం. ఆదివారం ఆదివారం పది నిమిషాలు ఫోను. వెనకాల ఇంకో పిల్ల “అయిందా, అయిందా” అంటూ ఉంటుంది, ఇంకా చెప్పాలంటే ఆ పది నిమిషాల్లో మన వంతు ఏడే. జూలై చివర్లో ఒకరోజు ఫోనులో అంది, “టెన్షన్‌గా ఉందమ్మా.” నేను ఏమన్నానో తెలుసా? “టెన్షన్ పడకు నాన్నా. బాగా చదువుకో, అదే పోతుంది.” పై ఆదివారం మళ్లీ అదే మాట, నాది మళ్లీ అదే జవాబు. మూడో వారం బాదం పప్పు, వేరుశెనగ ఉండలు పార్సిల్ చేసి పంపాను. తల్లిగా నా బాధ్యత అయిపోయిందనుకున్నాను.

నాలుగో వారం ఫోను మా చిన్నాడు లాక్కున్నాడు. వాడు ఏడో తరగతి. “అక్కా, నీ టెస్టు నిన్నే అయిపోయిందిగా, ఇంకేం టెన్షనే?” అన్నాడు. స్పీకర్లో ఉంది. అటునుంచి కాసేపు ఏం వినపడలేదు. తర్వాత, “టెస్టు గురించి కాదురా. సాయంత్రం ఆరింటికి స్టడీ అవర్ బెల్లు కొడతారు చూడు, అప్పుడు మన బాల్కనీ గుర్తొస్తది. అప్పుడు టెన్షన్ వస్తది” అంది.

అది టెన్షన్ కాదండీ. బెంగ. చంటిపిల్లని నాలుగు రోజులు అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్తే జ్వరం తెచ్చుకునేంత బెంగ. మన ఇళ్లల్లో ఆ మాట తెలియని ఆడది లేదు. అది “బెంగగా ఉందమ్మా” అని ఉంటే ఆ పై ఆదివారమే బస్సెక్కి వెళ్లి ఉండేదాన్ని. టెన్షన్ అంది కాబట్టి బాదం పప్పు పంపాను.

పిల్ల ఆ మాట అనలేదని దాన్ని తప్పు పట్టే పని లేదు. దానికి ఆ మాట ఎక్కడ వినపడింది గనక? ఇంట్లో మేం అన్నిటికీ టెన్షనే అన్నాం, అదీ అంతే అంది.

ఆ రాత్రి నిద్ర పట్టక కాలేజీ రోజులు గుర్తు చేసుకున్నాను. పర్యాయపదాలు బట్టీ కొట్టేవాళ్లం గుర్తుందా? పంకజం, జలజం, సరోజం అన్నీ తామరపువ్వే. మా తెలుగు మేడం మాత్రం బట్టీ కొట్టనిచ్చేవారు కాదు. “పువ్వు ఒకటే, కానీ పంకజం అన్నప్పుడు దాని కింద బురద కనపడాలి, సరోజం అన్నప్పుడు చెరువు కనపడాలి. కనపడకపోతే ఆ మాట మీకు రానట్టే” అనేవారు. మనసు సంగతీ అంతే. టెన్షన్ అనే ఒక్క మాట కింద మనం పడేసినవన్నీ విడివిడిగా పైకి తీసి చూడండి, ఒక్కోదాని కింద ఒక్కోటి కనపడుతుంది.

కంగారు అంటే ఇప్పటికిప్పుడు, కాళ్లూ చేతుల్లో ఉండేది. రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది, పెట్టె ఇంకా ఆటోలో ఉంది. పని అయిపోతే అదీ పోతుంది. గాభరా దానికి అక్క, గుండె దడతో వస్తుంది. ఆదుర్దా ఎప్పుడూ ఇంకొకరి గురించి. ఆపరేషన్ థియేటరు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లది, పిల్లాడు పరీక్ష రాసి ఇంటికి వచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డవాళ్లది. ఆత్రంలో భయం కన్నా ఆశ ఎక్కువ, మా వారి ఆఖరి ఓవరు అదే. గుబులుకి కారణం తెలియదు. ఎందుకో తెలీదు, రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, లోపల ఏదో మెదులుతుంది. దిగులుకి కారణం బాగా తెలుసు, చేసేదేం లేదనీ తెలుసు. బెరుకు కొత్త చోట ఉంటుంది, కొత్త కోడలికీ కొత్త ఉద్యోగికీ. నాలుగు రోజులు పోతే దానంతటదే పోతుంది. జంకు మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం. చింత ఒకే ఆలోచన చుట్టూ గానుగెద్దులా తిరగడం.

ఆందోళన అన్న మాట నాకు ఇంకా ఇష్టం. సంస్కృతంలో దాని అసలు అర్థం ఊగడం, ఉయ్యాల ఊగినట్టు. మనసు అవునా కాదా, అవుతుందా కాదా అని అటూ ఇటూ ఊగుతుంది చూడండి, అదే. టెన్షన్ లాటిన్ నుంచి వచ్చింది, దాని మూలంలో ఉన్నది సాగదీయడం, లాగి బిగించడం. తాళ్లు లాగి కట్టే టెంటూ, మనసుని ఒకవైపు లాగి పెట్టే అటెన్షనూ ఆ వేరు నుంచే వచ్చాయి. వీణ తీగ బిగింపు లాంటిదన్నమాట. తెలుగు మీడియం సైన్సు పుస్తకాల్లో దీన్నే తన్యత అన్నారు. నీటి బొట్టు చెదరకుండా గుండ్రంగా ఉండటానికి కారణం తలతన్యత అని చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పత్రికల వాళ్లు రెండు ఊళ్ల మధ్య, రెండు దేశాల మధ్య ఉంటే ఉద్రిక్తత అంటారు. అంటే తీగకి, నీటికి, సరిహద్దుకి వేరువేరు మాటలు చూసుకున్నాం. మన పిల్లల మనసుకి మాత్రం చూసుకోలేదు.

మా ఎదురు ఫ్లాటావిడది వరంగల్ వైపు. మాది తెనాలి దగ్గర. అమ్మాయి సంగతి చెప్పి కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడ, “గంత రంది పెట్టుకోకు వదినా. పొయ్యి ఒక్కపారి చూసి రా, పిల్లకి పానం నిమ్మలమైతది” అంది. రంది! మా వైపు లేని మాట అది. దిగులూ చింతా కలిపి నూరినట్టు ఉంది. వాళ్ల దగ్గర బుగులు ఉంది, పరేషాన్ ఉంది, ఫికర్ ఉంది. “ఫికర్ చెయ్యకు” అంటే ఎంత ధైర్యంగా ఉంటుందో! ఆవిడ పిల్లలు కూడా ఇప్పుడు టెన్షనే అంటారట. ఆంధ్రా పిల్లలూ తెలంగాణ పిల్లలూ ఈ ఒక్క మాట దగ్గర ఒక్కటైపోయారని ఇద్దరం నవ్వుకున్నాం.

ఇవన్నీ ఎప్పటివనుకున్నారు? బీఏలో అలంకారశాస్త్రం పాఠంలో భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన 33 సంచారీభావాలు ఉండేవి. అందులో శంక, చింత, త్రాసం, ఆవేగం, ఔత్సుక్యం, విషాదం వేరువేరుగా లెక్క పెట్టారు. నటుడు వీటిని ఒకదానికొకటి కలవకుండా అభినయించాలి, చూసేవాళ్లు తేడా పట్టుకోవాలి. పరీక్షకి వల్లెవేసి మర్చిపోయాను. ఇప్పుడు మా ఇంట్లో ఆరింటికీ ఒకే అభినయం, నుదురు పట్టుకుని “టెన్షన్”.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. మాటలు పోతున్నాయని కాదు నా బాధ, మాటతో పాటు మందు కూడా పోతోంది. మన మాటలు ఏ క్రియతో వాడతామో గమనించండి. బెంగ ‘తీరుతుంది’. ఎలా తీరుతుంది? మనిషిని చూస్తే తీరుతుంది. దాహం తీరినట్టు, ఆకలి తీరినట్టు. భయం ‘పోతుంది’, పక్కన ఒకళ్లు ఉంటే పోతుంది. కంగారు ‘తగ్గుతుంది’, కాసిని మంచినీళ్లు తాగి కూర్చుంటే తగ్గుతుంది. ఆదుర్దాకి కబురు కావాలి. ‘చేరాం’ అని ఒక్క మెసేజి చాలు. బెరుకు ‘వదులుతుంది’, దానికి కొంచెం కాలం ఇవ్వాలి. దిగులు పడ్డవాళ్లకి ఏమీ చేయక్కర్లేదు, దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది వింటే అదే సగం. మాట వినగానే మనం ఏం చేయాలో ఆ మాటలోనే ఉంది.

టెన్షన్‌కి ఏముంది? “టెన్షన్ పడకు.” అంతే. ఇంకో జవాబు నేను ఇంతవరకూ వినలేదు, మీరు విన్నారా?

అందులోనూ ఒత్తిడి అన్న మాట చూడండి. “నేను ఒత్తిడి పడుతున్నాను” అని తెలుగులో ఎవరూ అనరు. ఒత్తిడి ఎవరో పెడతారు, ఎవరో తెస్తారు. “నా మీద ఒత్తిడి ఉంది” అనగానే “ఎవరు పెడుతున్నారు?” అని అడగొచ్చు. టెన్షన్ మాత్రం మనమే పడతాం. ఎవరో పెట్టిన బరువుని కూడా పడేవాడి తప్పుగా మార్చేస్తుంది ఆ మాట. వారం వారం టెస్టు, గోడ మీద ర్యాంకుల కాగితం, మార్కులు తగ్గితే సెక్షన్ మార్పు, పొద్దున్న ఐదింటి నుంచి రాత్రి పది దాకా గంటలు. ఇవన్నీ పెట్టి, పిల్లతో “నువ్వు టెన్షన్ పడకూడదమ్మా” అంటాం. కుండ మీద కుండ ఎత్తి నెత్తిన పెట్టి, మెడ వంచకూడదని చెప్పినట్టు ఉంది.

“అన్నీ తెలిసే చేర్పించావు కదా” అని మీరు అడగొచ్చు. అవును, తెలిసే చేర్పించాను. అందరూ చేర్పిస్తున్నారని చేర్పించాను. ఆ సంగతి నా మీద నేను తేల్చుకోవాల్సింది. టెన్షన్ అన్న మాట నాకు కూడా సుఖంగానే ఉండేది, ఎందుకంటే ఆ మాట వాడినంతసేపూ ‘ఎవరు పెట్టారు’ అన్న ప్రశ్న నా దాకా రాదు.

ఈ మాట ఒంటికి చేసే చేటు ఇంకొకటి ఉంది, అది మా అత్తయ్య దగ్గర చూశాను. ఆవిడకి పదకొండేళ్లుగా బీపీ. పోయినేడు మామయ్యగారి పెన్షన్ కాగితాల వ్యవహారం తేలింది. “ఇంక నాకు టెన్షన్లేం ఉన్నాయి, హాయిగా ఉన్నాను” అని మాత్రలు మానేశారు. నాకు చెప్పలేదు. నెలన్నర తర్వాత మామూలు చూపింపుకి తీసుకెళ్తే మీద 180, కింద 100 చూపించింది. ఆవిడ లెక్క ఏమిటంటే, డాక్టరు కాగితం మీద హైపర్‌టెన్షన్ అని రాశారు కాబట్టి అది టెన్షన్ వల్ల వచ్చే జబ్బు, టెన్షన్ పోతే జబ్బు పోవాలి. ఆ లెక్కలో తప్పేం కనపడదు, అదే ప్రమాదం.

ఆ మాటలో ఉన్న టెన్షన్‌కి మన మనసుతో సంబంధం లేదు. రక్తం రక్తనాళాల గోడల మీద తెచ్చే ఒత్తిడి అది. తెలుగులో రక్తపోటు అన్నారు, చక్కటి మాట, లోపల పోటు ఎక్కడుందో చెప్తుంది. మామూలుగా 140/90, ఆ పైన నిలకడగా ఉంటే రక్తపోటు ఉన్నట్టు చెప్తారు. వయసు, ఇంట్లోవాళ్లకి ఉండటం, ఉప్పు, బరువు, కదలకుండా కూర్చోవడం, పొగాకు, మందు, ఇవన్నీ దానికి కారణాలు. చాలామందికి పైకి ఏ లక్షణమూ ఉండదు. నవ్వుతూ పేకాడుకునే మనిషికీ ఉండొచ్చు. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లు “టెన్షన్ లేదు, మాత్ర ఎందుకు” అంటుంటే, రక్తపోటు అనండి. డాక్టరు చెప్పకుండా మానకూడదని చెప్పండి. మా ఇంట్లో ఇప్పుడు మాత్రల డబ్బా నా దగ్గరే ఉంటుంది. అత్తయ్య “నువ్వు నాకు టెన్షన్ పెడుతున్నావే అమ్మాయ్” అంటున్నారు. ఆ టెన్షన్ పెట్టక తప్పదు.

ఇంతా తిట్టాక ఆ మాటకి న్యాయం కూడా చేయాలి. దానికి ఒక మంచి గుణం ఉంది. సిగ్గు లేని మాట అది. మగవాళ్ల సంగతే తీసుకోండి. మా వారు రెండేళ్ల కిందట రెండు నెలల పాటు “ఆఫీసు టెన్షన్” అన్నారు. అన్నం సగంలో లేచేవారు, చిన్నదానికి పిల్లల మీద అరిచేవారు. తర్వాతెప్పుడో తెలిసింది, వాళ్ల విభాగంలో కొందరిని తీసేస్తారని వినపడిందట. అది భయం. నలభై ఎనిమిదేళ్ల మగవాడు భార్య దగ్గర “నాకు భయంగా ఉంది” అనగలడా? మనం అననిచ్చామా? చిన్నప్పుడు “మగపిల్లాడివి, భయమేంట్రా” అన్నవాళ్లమే కదా. టెన్షన్ అంటే పరువు పోదు. పైగా పెద్ద పనిలో ఉన్నవాడిలా ఉంటుంది. ఆ 33 భావాల్లో అవహిత్థ అని ఒకటుంది. అంటే లోపలున్నది పైకి కనపడకుండా దాచుకోవడం. దాచుకోవడం కూడా ఒక భావమే అని ఆ పెద్దాయన ఎప్పుడో గుర్తించాడు. మా వారి టెన్షన్ ఆ అవహిత్థ అన్నమాట. ముందే అర్థమై ఉంటే ఆ రెండు నెలలూ ఆయన్ని ఎదురు తిట్టి ఉండేదాన్ని కాదు.

కొత్త కోడలు అత్తగారింట్లో “భయంగా ఉంది” అనలేదు, “దిగులుగా ఉంది” అంటే “ఏం తక్కువైంది?” అంటారు. “కొంచెం టెన్షన్‌గా ఉంది” అంటే ఎవరికీ కోపం రాదు. కాబట్టి ఆ మాట తీసేయమని నేను అనను. తలుపు లాంటిది అది. మనిషి తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడని అర్థం. మన పని, తలుపు దగ్గరే “పడకు” అని పంపించేయకుండా లోపలికి పిలవడం.

అందుకని ఇప్పుడు ఎవరు టెన్షన్ అన్నా నేను ఇంకో ప్రశ్న అడుగుతున్నాను. “ఏ టెన్షన్?” కొన్నిసార్లు “ఎక్కడుంది, కడుపులోనా, గుండెల్లోనా, తలలోనా?” అని. మన జాతీయాలు ఇక్కడ భలే పనికొస్తాయి. గుండెల్లో రైళ్లు పరిగెత్తుతున్నాయా? ముళ్ల మీద కూర్చున్నట్టుందా? కాలు కాలిన పిల్లిలా తిరగాలనిపిస్తోందా? ముద్ద మింగుడు పడటం లేదా? కంటి మీద కునుకు రావడం లేదా? మా చిన్నాడైతే “పిల్లి అమ్మా, పిల్లి” అంటాడు. ఆ పిల్లికి మందు లెక్కలు కాదు, ఒక అరగంట కింద క్రికెట్. పరీక్ష రోజు కూడా పంపించాను, పైవాళ్లు వింతగా చూశారు.

ఒక్క సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అడిగాక వచ్చే జవాబు మన చేతిలో లేనిదైతే, నిద్ర, తిండి వారాల తరబడి సరిగా లేకపోతే, “నేను లేకపోతే బాగుండు” లాంటి మాట నోటి వెంట వస్తే, అప్పుడు మాటలు వెతుక్కుంటూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోను సాయం ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. అవసరం రాకపోతే మంచిదే.

మా అమ్మాయి దగ్గరికి ఆ పై ఆదివారమే వెళ్లాను. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, అన్నం క్యారేజీలో పట్టుకెళ్లాను. చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చుని తింది. ఏమీ మాట్లాడలేదు, తిన్నాక నా ఒళ్లో తల పెట్టి ఇరవై నిమిషాలు పడుకుంది. బెంగ తీరడం అంటే అదే. మొత్తం అంతా బాగైపోయిందని చెప్పను. ర్యాంకుల కాగితం అక్కడే ఉంది, ఐదింటి బెల్లు అక్కడే ఉంది. దసరా సెలవులకి వచ్చినప్పుడు ముగ్గురం కూర్చుని, వచ్చే ఏడు ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ చూద్దామా అని మాట్లాడుకున్నాం. ఇంకా తేలలేదు. కానీ అది ఒత్తిడి అని పేరు పెట్టాక, పెట్టినవాళ్లలో మేమూ ఉన్నామని ఒప్పుకున్నాక, మాట్లాడుకోవడం సులువైంది.

పోయిన ఆదివారం ఫోను చేసింది. మొదటి మాటే, “అమ్మా, టెన్షన్‌గా ఉంది.”

“ఏ టెన్షనే?”

“అబ్బా, మళ్లీ మొదలెట్టావా? ఆప్షన్లు చెప్పు.”

“బెంగా, గుబులా, కంగారా, భయమా?”

కాసేపు ఆలోచించింది. “ఆప్షన్ బీ, గుబులు. ఎందుకో తెలీదు, పొద్దున్నించీ.”

“తెలీకపోయినా పర్లేదు. నాకూ ఒక్కోసారి వస్తుంది” అన్నాను. ఆ రోజు మిగిలిన ఆరు నిమిషాలూ గుబులు గురించి ఏం మాట్లాడుకోలేదు. బాల్కనీలో తులసి మొక్క చిగురు వేసిందని చెప్పాను, వాళ్ల వార్డెన్ గురక ఎలా పెడుతుందో చేసి చూపించింది.

మీరు కూడా ఈ ఆదివారం క్యాలెండరు మీద గీతలు గీసి చూడండి. ఎన్ని వచ్చినా కంగారు పడకండి. ఆ గీతల్లో ఏ రెండు ఒకటి కావని మాత్రం గుర్తుపెట్టుకోండి. మీ అమ్మగారో నాయనమ్మగారో ఇలాంటప్పుడు ఏ మాట అనేవారో కూడా ఒకసారి తలుచుకోండి. ఆ మాట ఇంకా మీ నోట్లో ఉంటే, పిల్లల చెవిన వేయండి. వాళ్లకి ఎప్పుడో హాస్టల్ ఫోనులో పనికొస్తుంది.